తలుపు బిళ్ళకు రెండు వైపులు

శనివారం సాయంత్రం. కింది అంతస్తులో ముందుగది. బల్ల మీద రంగురంగుల ఫోమ్ షీట్లు, గమ్ము సీసాలు, కత్తెరలు. బల్ల చుట్టూ చిన్న కుర్చీలు. ఒక కుర్చీలో పై అంతస్తు పిల్ల, ఎదురుగా ఇంటి పెద్దాయన. తక్కినవి ఖాళీ.

"ఆ బ్రెడ్డు తిన్న రోజు మార్చి పదకొండు."

"పన్నెండు తాతా."

"పదకొండే. మీ మామ్మ ఆ రోజు బ్రెడ్డు కాల్చి, మీగడ రాసి, పంచదార చల్లి పెట్టింది మీ అందరికీ."

"మీగడ కాదు, వెన్న. అంచులు మాడాయని నువ్వు చాకుతో గీకావు. ఆ మసంతా నా పసుప్పచ్చ షీటు మీద పడింది. నేను ఏడుపు మొహం పెట్టా. మామ్మ ఏమందో గుర్తుందా?"

"ఏమంది?"

"'ఏడవకే, పొద్దుతిరుగుడు పువ్వుకి గింజలొచ్చాయి' అంది. దాన్నే గుండ్రంగా కోసి పువ్వు చేసేశాం."

"అవును. అవునే కత్తెరమ్మా. ఏమైంది ఆ పువ్వు?"

"మా ఫ్రిజ్ మీదుంది. తాతా, నువ్వు కత్తెర తిప్పుతున్నావు. కత్తెర తిప్పకూడదు. షీటు తిప్పాలి."

"చిత్తం, గురువుగారూ."

"నవ్వకు. కత్తెర నోరు పూర్తిగా మూసినా అంచు మెట్లుమెట్లుగా వస్తుంది. మామ్మ ఎన్నిసార్లు చెప్పింది?"

"మీకు చెప్పింది. నాకెప్పుడు చెప్పింది? బ్రెడ్డు గీకడమే నా ఉద్యోగం. ఇదిగో, చూడు. చేప."

"ఇదా? ఇది బంగాళదుంప."

"తోక ఉందిగా."

"తోకున్న బంగాళదుంప. పైగా ఎదురొస్తోంది. చూడు, నా చేపలన్నీ అటు పోతుంటే నీదొక్కటే ఇటు. వెనకవైపు గీసి కోయమన్నాను కదా? నువ్వు ముందువైపే గీశావు."

"అది ఏదో మర్చిపోయి ఇంటికి వెనక్కి వెళ్తోందిలే. వెళ్ళనీ. అన్నట్టు మిగతా వాళ్ళేరీ? చేపలు కోయడం అయిపోవస్తోంది. సోడాబుడ్డిగాడు రాలేదే?"

"వాడికి జ్వరం."

"పొద్దున సైకిలు తొక్కుతుంటే చూశానే."

"తొక్కాకే వచ్చింది."

"కవలలు?"

"ఒకదానికి కడుపునొప్పి."

"ఇంకోదానికి?"

"దానికీ అదే. కవలలు కదా."

"పోనీ తుమ్ముల రాజు?"

"వాడికి తుమ్ములు."

"అవి ఎప్పుడూ ఉండేవేగా!"

"ఇవాళ ఎక్కువ. ఈ నీలం షీటు ఎంత బాగుందో. కొత్తదా తాతా? ఎక్కడ కొన్నావు?"

"కత్తెరమ్మా."

"ఊఁ."

"కిందటి శనివారం అందరూ వచ్చారు. ఇవాళ నువ్వొక్కదానివే. వచ్చే శనివారం?"

"ఈ నీలంతో సముద్రం చేద్దామా? అలలు కోసి, ఒకదాని మీద ఒకటి..."

"వచ్చే శనివారం సంగతి అడుగుతున్నాను."

"అమ్మ వద్దంది."

"ఏమని?"

"ఇవాళే ఆఖరు, ఇంక వెళ్ళొద్దు అని. ఇవాళ కూడా వద్దంది. నేను అన్నం మానేసి కూర్చుంటే పంపింది."

"అదేమిటే! ఎవరి బట్టలకైనా గమ్మంటిందా? ఎవరి వేలైనా తెగిందా?"

"అదేం కాదు."

"మరి? నాతో చెప్పకపోతే ఎలా? వారమంతా ఈ షీట్లు సర్దుకుంటూ కూర్చుంటాను, శనివారం వస్తుందిగా అని. మీరు రాకపోతే నాకు శనివారం కూడా మంగళవారమే."

"చెబితే నువ్వు..."

"కోప్పడను."

"కోప్పడవు, తెలుసు. నువ్వు ఊరుకుంటావు. నువ్వు ఊరుకుంటే అదోలా ఉంటుంది."

"ఊరుకోను. మాట్లాడుతూనే ఉంటాను, సరేనా? చెప్పు."

"ఆ గది."

"ఏ గది?"

"తాతా. ఏ గదో నీకు తెలీదా?"

"మామ్మ గదా? ఆ గదికేం?"

"ఎప్పుడు చూసినా తలుపు తీసి ఉంటుంది. పగలు కూడా లైటు వెలుగుతుంటుంది. నీళ్ళు కావాలంటే దాని ముందు నుంచే వెళ్ళాలి కదా. బాత్రూం కూడా అటే. కవలలు ఇక్కడికొచ్చే ముందు నీళ్ళు తాగడం మానేశారు."

"పిచ్చిపిల్లలు. ఏముందక్కడ భయపడటానికి? ఒక మంచం, ఒక కిటికీ."

"మంచం పక్కన గ్లాసుంది. అందులో నీళ్ళున్నాయి. ఎవరు పోశారని సోడాబుడ్డి అడిగాడు."

"నేనే. రోజూ మారుస్తాను."

"అదే చెప్పా. 'మరి సగమే ఉన్నాయేం? మిగతా సగం ఎవరు తాగారు?' అన్నాడు."

"ఎవరూ తాగలేదు. సగమే పోస్తాను. నిండా పోస్తే చెయ్యి వణికి ఒలుకుతాయనేది మీ మామ్మ."

"ఓ. అది నాకు తెలీలేదు. నేనేం చెప్పాలో తెలీక 'ఎండకి ఆవిరయ్యాయి' అన్నా."

"మంచి జవాబే. ఇంకా?"

"ఇంకా... బిళ్ళ."

"ఏ బిళ్ళ?"

"మామ్మ తలుపు బిళ్ళ. ఆ బ్రెడ్డు తిన్న రోజే చేశాం కదా. హోటల్లో తలుపు పిడికి తగిలిస్తారే, అలాంటివి. ముందు ఒక మాట, వెనక ఒక మాట. నాది 'రావచ్చు', వెనక 'చదువుకుంటున్నా'. సోడాబుడ్డిది రెండు వైపులా 'పో'."

"అవును, వాళ్ళమ్మ వచ్చి మీ మామ్మతో మొరపెట్టుకుంది."

"మామ్మది ఒకవైపు చందమామ, 'పడుకున్నా' అని. ఇంకోవైపు సూర్యుడు, 'మేలుకునే ఉన్నా, రండి' అని. ఆ సూర్యుడి కిరణాలు నేనే కోశా."

"ఒక కిరణం కురచ."

"అది మధ్యాహ్నానికి, అప్పుడు నీడ కురచే కదా. సరే, విను. ఆ బిళ్ళ తిరుగుతోంది తాతా. తుమ్ముల రాజు చూశాడు. కిందటి శనివారం వాడొచ్చేటప్పటికి చందమామ ఉంది. నీళ్ళకి వెళ్ళి చూస్తే సూర్యుడు. మేలుకునే ఉన్నా, రండి! వాడు చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తాడు."

"ఆ చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి."

"అవి నువ్వే ఉంచేసుకోవాలిట. వాడు కొత్తవి కొనుక్కున్నాడు."

"గాలికి తిరిగి ఉంటుందే. ఫోమ్ షీటు బరువెంత? ఈకంత లేదు. తలుపు తీసి ఉంటే కిటికీలోంచి..."

"గాలికైతే ఊగి ఊగి మళ్ళీ మొదటికే రావాలి. అది అక్కడే ఆగిపోయింది. తాతా, నువ్వే తిప్పుతావు కదూ?"

"..."

"ఊరుకోనన్నావు."

"ఊరుకోలేదు. ఆలోచిస్తున్నాను. పొద్దున టీ పెట్టుకున్నాక సూర్యుడి వైపు తిప్పుతాను. దీపాలు పెట్టాక చందమామ వైపు తిప్పుతాను. మీ మామ్మ మంచాన ఉన్నప్పుడు పడిన అలవాటు. ఆ రోజు పొద్దున మర్చిపోయాను. మీరున్నప్పుడు గుర్తొచ్చి తిప్పాను. ఇంతకన్నా ఏం లేదు. చూశావా? దయ్యం లేదు, గియ్యం లేదు. వెళ్ళి వాళ్ళకీ మాటే చెప్పు. తాతే తిప్పుతున్నాడట, రండర్రా అను."

"చెప్పేశా."

"ఎప్పుడు?"

"మొన్ననే. నువ్వే తిప్పుతావని నాకు ముందే తెలుసు. చెప్పా. అయినా రామన్నారు."

"అదేం? సంగతి తెలిశాక ఇంకా భయమేమిటి?"

"ఈ చేపకి కన్ను ఎక్కడ అంటించను?"

"తల వైపు. కత్తెరమ్మా, మాట తప్పించకు."

"నీ చేపకి తల ఎటో తెలీట్లేదు, అందుకని అడిగా. చెప్తాలే. వాళ్ళకి భయం మామ్మంటే కాదు తాతా."

"మరి?"

"నువ్వంటే."

"నేనా?"

"ఊఁ."

"నేనేం చేశానే? నేను గట్టిగా కూడా మాట్లాడను."

"గట్టిగా మాట్లాడవు. మెల్లిగా మాట్లాడతావు. ఆ గదితో."

"గదితోనా?"

"కిందటివారం మేం మాస్కులు కోస్తున్నాం కదా. నువ్వు లేచి ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళావు. 'పిల్లలకి బిస్కెట్లు పెట్టమంటావా?' అన్నావు."

"అదీ అలవాటే. నోటికి వచ్చేస్తుంది."

"అని ఆగావు. చెవి అటు పెట్టి విన్నావు. తలూపావు. తర్వాత 'సరే, క్రీమువే పెడతాలే' అన్నావు."

"క్రీమువే పెట్టానుగా."

"పెట్టావు. ఎవరూ ముట్టుకోలేదు. నేను తిన్నా. అన్నీ నేనే తిన్నా, నువ్వు చిన్నబుచ్చుకుంటావని. రాత్రికి నిజంగానే కడుపునొప్పొచ్చింది."

"నా తల్లే! చెప్పొద్దూ?"

"తాతా, ఒకటి అడగనా? నీకు వినపడుతుందా?"

"వినపడదు. వినపడ్డట్టు ఉంటుంది. రెంటికీ తేడా ఉంది."

"ఏం తేడా?"

"ఎన్నో ఏళ్ళు ఒకే మనిషిని 'ఏం చెయ్యను?' అని అడుగుతూ బతికాననుకో. అడగ్గానే ఏం జవాబొస్తుందో తెలిసిపోతుంది. క్రీము బిస్కెట్లు ఉండగా మీకు మామూలువి పెడితే ఊరుకునేదా? ఊరుకోదు. అంతే, అదే వినపడ్డట్టు ఉంటుంది."

"నాకు అర్థమైంది. సోడాబుడ్డికి అర్థం కాదు."

"నీకు భయం లేదా మరి?"

"నాకెందుకు? నేను బడి నుంచి తిన్నగా మామ్మ దగ్గరికే వచ్చేదాన్ని కదా. నాకూ వినపడ్డట్టే ఉంటుంది, కత్తెర పట్టుకుంటే. తాతా, కదలకు. నీ చెవి మీద మెరుపు పొడి ఉంది."

"ఆ నీలం షీటుది రాలి ఉంటుంది."

"ఇది ఎర్రది. ఎర్ర మెరుపు షీటు మామ్మ ఉన్నప్పుడే అయిపోయింది కదా?"

"ఆ షీటు పొడి ఇంకా వదల్లేదే ఈ ఇంటిని. మొన్న ఉప్పు డబ్బాలో కనపడింది. నిన్న నా కళ్ళజోడు మీద. ఇది బహుశా... దిండుకి ఉండి ఉంటుంది."

"ఏ దిండు? మామ్మ దిండా? నువ్వక్కడ పడుకుంటావా?"

"పడుకోను. తల ఆనిస్తాను, అప్పుడప్పుడు. మీ వాళ్ళకి ఇది చెప్పకు."

"చెప్పనులే. అబ్బో, అడుగున ఆకుపచ్చ షీటు కూడా ఉందే! నాచు చేద్దాం. ఇది కోసేస్తున్నా."

"అది వద్దు."

"ఎందుకు? ఖాళీగానే ఉందిగా."

"ఖాళీ కాదు. వెలుగులోకి వాల్చి చూడు. వేలితో తడుము."

"గాట్లున్నాయి. గుండ్రంగా... ఆకుల్లా... ఓ! మామ్మ పై షీటు మీద గీస్తే దీని మీదికి దిగాయి."

"పెన్సిలు అంత నొక్కి గీసేది. పైదాంతో మీరేదో చేసి పట్టుకుపోయారు. ఇది నాకు మిగిలింది. దాన్ని అడుగునే ఉంచు."

"సరే. తాతా, తలుపు వేసేస్తే వస్తారు."

"ఎవరు?"

"అందరూ. అమ్మ కూడా అంది. 'పాపం పెద్దాయన, ఆ గది తలుపొక్కటి వేసుకుని ఉంటే పిల్లల్ని పంపడానికి నాకేం?' అంది. కవలల అమ్మ కూడా అదే మాట. ఆవిడ మా ఇంటికొచ్చి చెప్పింది."

"శనివారం పూట దగ్గరికి లాగి ఉంచితే?"

"లాగి ఉంచితే సందులోంచి ఇంకా భయం. వెయ్యాలి. రోజూ. లైటు కూడా తీసెయ్యాలి."

"అదొక్కటే కుదరదు కత్తెరమ్మా. ఇంకేదైనా అడుగు."

"ఇంకేం అడగను? ఉన్నది అదొక్కటేగా."

"మాటిచ్చానే. మంచాన పడ్డాక మీ మామ్మ నన్ను ఒకే ఒక్కటి అడిగింది. 'తలుపు తీసే ఉంచండి. మీ కుర్చీ గుమ్మానికి ఎదురుగా వేసుకోండి. మూస్తే నాకు భయం. మీరు కనపడుతూ ఉండాలి' అంది. ఆవిడ నొప్పి నేను తీసుకోలేకపోయాను. ఆవిడ బదులు మందు మింగలేకపోయాను. తలుపు తీసి ఉంచడం చేతనయింది. అది చేశాను. ఇప్పుడెలా వెయ్యమంటావు? లేచి చూసుకుంటే చుట్టూ చీకటి..."

"మామ్మ లేవదు తాతా."

"తెలుసు."

"నిజంగా తెలుసా?"

"శనివారాలు బాగా తెలుసు. మీరంతా ఉంటారు కదా, బల్లంతా గోల. మిగతా రోజులే... అంత బాగా తెలీదు."

"మూస్తే భయమని మామ్మే చెప్పిందా?"

"మరి?"

"నీతోనే చెప్పిందా?"

"నాతో కాక ఎవరితో చెబుతుంది? ఏమిటలా చూస్తావు?"

"ఏం లేదు."

"ఏదో ఉంది. నీ మొహంలో ఏదీ దాగదు."

"నేను చెప్పకూడదు. మామ్మ ఒట్టేయించుకుంది."

"నాకు చెప్పకూడని ఒట్టా?"

"నీకే చెప్పకూడని ఒట్టు."

"మామ్మ లేదు కదే ఇప్పుడు. నాతో చెబితే ఏం?"

"బాగుంది! మామ్మ లేకపోయినా నువ్వు నీ మాట తప్పవు. నన్ను మాత్రం తప్పమంటావా?"

"నీతో వాదించడం నా వల్ల కాదమ్మా. వకీలువి కావాల్సినదానివి."

"నువ్వు నీది తప్పితే నేను నాది తప్పుతా. ముందు నువ్వు."

"అలాంటి బేరాలు..."

"ఇదిగో, అమ్మ పిలుస్తోంది. వినపడిందా? వస్తున్నానమ్మా! ఇంక వెళ్ళాలి తాతా. కత్తెరలు కడిగి తుడిచి పెట్టు, గమ్ము ఎండితే కరుచుకుపోతాయి. చేపల్ని దారానికి కట్టేటప్పుడు నీదాన్ని కూడా కట్టు. ఎదురొచ్చినా ఫరవాలేదు."

"కట్టేటప్పుడు నువ్వుంటావుగా."

"ఉండను కదా."

"..."

"తాతా, ఊరుకోనన్నావు. నాకు ఏడుపొస్తుంది. వెళ్ళొస్తా."

"ఆగు."

"అమ్మ మళ్ళీ పిలుస్తుంది."

"పిలవనీ. రా, నాతో రా. పక్కన నిలబడు. నేనొక్కణ్ణే వెయ్యలేను."

"నిజంగా వేస్తావా?"

"మీ అమ్మతో చెప్పు, వేశాడని. రేపు పొద్దున వచ్చి చూసుకోమను. లైటు... నువ్వు తీసెయ్. నా చెయ్యి రావట్లేదు."

"తీసేశా. గ్లాసు?"

"గ్లాసు ఉండనీ ఇవాళ్టికి."

"ఉండనీలే. బిళ్ళ చందమామ వైపు తిప్పు. ఆఁ. అలా లాగకు తాతా! అలా లాగితే టక్కుమంటుంది. పిడి కిందికి నొక్కి పట్టుకుని లాగాలి. తలుపు పూర్తిగా ఆనాక అప్పుడు మెల్లిగా వదలాలి."

"ఇలాగా?"

"ఇంకొంచెం. ఇంకా నొక్కే ఉంచు. ఆనిందా? ఇప్పుడు వదులు."

"చప్పుడైందా?"

"కాలేదు."

"ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాను, ఈ కిటుకు నాకే తెలీదు. నువ్వీ తలుపు ఎప్పుడూ వెయ్యలేదుగా? నీకెవరు చెప్పారు?"

"నువ్వు నీది తప్పావుగా, ఇంక నాది. మామ్మే నేర్పింది. సాయంత్రాలు నువ్వు ఆ కుర్చీలో కునుకు తీసేవాడివి కదా, నేను బడి నుంచి వచ్చేసరికి? మామ్మ మంచం మీంచే చెయ్యి ఊపేది, వెయ్యమని. రోజూ వేసేదాన్ని. లోపల మామ్మ హాయిగా పడుకునేది. నువ్వు కదులుతున్నట్టు ఉంటే మళ్ళీ తీసేసేదాన్ని."

"మూస్తే భయం అంది కదే!"

"భయం నీకట తాతా. 'తలుపు తీసి ఉంటే ఆయనకి నిద్ర పడుతుంది, వేస్తే నాకు పడుతుంది. ముందు ఆయన్ని పడుకోనిద్దాం' అనేది."